జేబులోంచి పెట్టిన 8,600 రాలేదు, నాన్న మానేయమంటున్నారు

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మాది ఖమ్మం. బీబీఏ అయ్యాక హైదరాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ ఒక కంపెనీ కార్పొరేట్ ఈవెంట్స్ టీమ్‌లో అప్రెంటిస్‌గా చేరి ఐదు నెలలైంది. స్టైపెండ్ 12,000. ఈవెంట్ రోజు ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. క్యాబ్‌లకు, పూలకు, ప్రింట్లకు నేను పెట్టిన 8,600 మూడు నెలలుగా రాలేదు. ఇంట్లో చెప్పకుండా డబ్బులు అడుగుతుంటే నాన్న అనుమానంగా మాట్లాడుతున్నారు. మొన్న డీలర్ల మీట్‌లో ఎండీ గారి వీడియోకు సౌండ్ రాలేదని మేనేజర్ అందరి ముందూ నన్నే తిట్టారు. "షామియానాలు వేసే పనికి డిగ్రీ దేనికి, వచ్చెయ్" అంటున్నారు నాన్న. మానేయనా?

జవాబు: ఆ సంగతి ఈ వారం తేల్చకండి. ముందు 8,600 చూడండి. మీరు డబ్బు విషయం దాచారు కాబట్టే నాన్నగారికి మీ ఆలస్యం కూడా ఏదో దాస్తున్నట్టు కనిపిస్తోంది.

అకౌంట్స్ వాళ్లు బిల్లులు ఆపడానికి చాలాసార్లు కారణం చిన్నది. ఫోన్‌పే స్క్రీన్‌షాట్‌లో డబ్బు వెళ్లినట్టు ఉంటుంది గానీ ఏం కొన్నారో ఉండదు. ప్రింటింగ్ బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు లేకపోతే కట్టిన పన్ను కంపెనీ ఖాతాకు జమ కాదు, అందుకని వెనక్కి కొడతారు. షాపుకెళ్లి బిల్లు మార్పించుకోండి. క్యాబ్ యాప్‌లో పాత ట్రిప్పుల ఇన్‌వాయిస్‌లు దొరుకుతాయి. పూల కొట్టు చీటీ మీద తేదీ, మొత్తం, కొట్టతని సంతకం రాయించి, ఏ ఈవెంట్‌కో మీరు రాయండి. అన్నీ తేదీల వరసలో ఒకే మెయిల్‌లో పెట్టి మేనేజర్‌కూ అకౌంట్స్‌కూ కలిపి పంపండి. ఇకపై ఈవెంట్‌కు ముందే అడ్వాన్సు అడగండి. 500 దాటిన ఖర్చుకు మీ జేబు తీయొద్దు. "నా దగ్గర లేవు మేడమ్" అంటే సరిపోతుంది.

ఇక వీడియో. ఈ పనిలో తరచూ జరిగే తప్పే అది. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఎల్‌ఈడీ వాల్ ప్రాసెసర్‌కు, అంటే స్టేజీ మీది పెద్ద తెరను నడిపే పెట్టెకు వెళ్తుంది. బొమ్మతో పాటు సౌండూ అటే పోతుంది, స్పీకర్లను నడిపే సౌండ్ మిక్సర్‌కు చేరదు. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి మిక్సర్‌కు వేరే కేబుల్ వేసి, సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్‌ను అటు మార్చాలి. హెచ్‌డీఎంఐ ఒకసారి పీకి పెడితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ సెట్టింగ్ దానంతటదే మళ్లీ మారిపోతుంది. రిహార్సల్‌లో బాగా వచ్చింది షోలో మూగబోయేది చాలావరకు ఇందుకే. గేట్లు తెరవడానికి గంట ముందు అదే ల్యాప్‌టాప్‌లో అసలు ఫైల్ చివరిదాకా వేసి చూసి, ఆ తర్వాత కేబుల్ ముట్టనివ్వకూడదు. ఇది ముందు సౌండూ, తెరలూ అద్దెకిచ్చే ఏవీ (ఆడియో-వీడియో) వెండర్ చూసుకోవాల్సిన పని, ఆ తర్వాత షో నడిపేవాళ్లది. అందరి ముందు మిమ్మల్ని అనడం మేనేజర్ తప్పు. కాకపోతే రన్ షీట్‌లో, అంటే ఏ టైమ్‌కు ఏం జరగాలో రాసుకునే పట్టికలో, "వీడియో" అన్న వరసకు ఎదురుగా పేరు లేకపోతే, తేడా వచ్చాక ఆ ఖాళీ గడిలో టీమ్‌లో చిన్నవాళ్ల పేరే పడుతుంది. మేనేజర్‌ను పదిహేను నిమిషాలు టైమ్ అడిగి, ప్రతి వరసకూ టైమ్, పని, మనిషి పేరు ఉండేలా మీరే రన్ షీట్ రాసి చూపించండి.

రిజిస్ట్రేషన్ టేబుల్ మీకే ఇస్తుంటే ఇంకోటి. డీలర్ల జాబితాలో "కె. వెంకటరమణ" అని ఉంటుంది, ఆయనొచ్చి "వెంకటరమణ" అంటారు. బ్యాడ్జీలు ఇంటిపేరు అక్షరంతో పేర్చితే అక్కడే క్యూ ఆగిపోతుంది. పిలిచే పేరుతో పేర్చండి.

రాత్రుల విషయంలో మీ కాగితం తీసి చూడండి. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టేనా, లేక ఉత్త ట్రైనీ లెటరా? నమోదైనదైతే 1961 అప్రెంటిసెస్ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద ఉండే ప్రభుత్వ అధికారి, అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా మీ చేత ఓవర్‌టైమ్ చేయించకూడదు, కాంట్రాక్టు మీద తగాదా వస్తే తీర్పు చెప్పేదీ ఆయనే. చట్టం చూపించి పోట్లాడమని కాదు. ఈవెంట్ రాత్రికి కంపెనీ క్యాబ్, మర్నాడు ఆలస్యంగా రావడం, స్టేజీ విప్పే దగ్గర వంతులవారీగా ఉండటం, ఈ మూడూ మెయిల్‌లో అడగండి. బ్యాడ్జీలు, గిఫ్టులు లెక్కపెట్టి అప్పగిస్తే మీ పని అయిపోయినట్టే, ట్రస్‌లు (లైట్లు కట్టే ఇనుప చట్రాలు) లారీ ఎక్కేదాకా మీరుండనక్కర్లేదు. రాత్రిపూట ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే, పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం అప్రెంటిస్‌లకూ, కంపెనీ క్యాబ్‌లో ప్రయాణానికీ వర్తిస్తుంది.

నాన్నగారికి 8,600 సంగతి డబ్బు చేతికొచ్చాక కాదు, ఈ ఆదివారమే చెప్పండి. ప్రతి ఈవెంట్ ముందు రోజు ఆయనకూ పెద్దమ్మకూ హాలు పేరు, మేనేజర్ నంబరు, బయల్దేరే టైమ్ పంపండి. పదకొండని చెప్పి ఒంటిగంటకు రాకండి, ఒంటిగంటని చెప్పి పన్నెండున్నరకు రండి. షామియానా మాటకు ఉడుక్కోవద్దు. జనం ఎంతమంది, కరెంటు ఎంత, వాన వస్తే ఏంటి అన్న లెక్క షామియానా వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే.

వచ్చే స్టైపెండ్ రోజుకు బిల్లుల డబ్బు రాకపోయినా, మీ మెయిల్‌కు జవాబుగా మళ్లీ అరుపులే వచ్చినా అప్పుడు మానేయడం గురించి ఆలోచించండి. కాంట్రాక్టులో రాసి లేకపోతే అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదు, ఆ మాట ఇప్పుడే అడిగి తెలుసుకోండి. మధ్యలో వదిలేస్తే ఏమైనా కట్టాలేమో కూడా అదే కాగితంలో చూసుకుని, ఆ తర్వాతే రాజీనామా రాయండి.