రిపేరుకిచ్చిన పాత ఫిల్మ్ కెమెరా పాడైతే నష్టపరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మా తాతగారి పెంటాక్స్ కె1000 కెమెరాను రిపేరుకిచ్చాను. లెన్స్‌లో ఫంగస్ తీయాలి, వెనక తలుపులో జిగురుగా మారిన స్పాంజి మార్చాలి. సగం డబ్బు ముందే కట్టాను. తీరా తీసుకోబోతే లెన్స్ ముందు అద్దం మీద గీతలున్నాయి, దూరపు వస్తువులకు ఫోకస్ కుదరడం లేదు, షట్టర్ తెరకు చిల్లు కనిపించింది. ‘పాత సరుకు, ముందే ఉన్నాయి’ అంటున్నారు. రసీదు మీద ‘ఓనర్ రిస్క్’ అని ముద్రించి ఉంది. మిగతా డబ్బు కడితేనే కెమెరా ఇస్తారట. ఏం చేయాలి?

జవాబు: అడగొచ్చు. కానీ మూడు నష్టాలనూ ఒకే గాటన కట్టి నోటీసు పంపకండి. చిల్లు ఆరోపణ వీగిపోతే, దాన్ని చూపించి అవతలి వకీలు మిగతా రెండింటినీ కూడా కొట్టేయమంటాడు.

మీకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఫోకస్. లెన్స్ విప్పి తుడిచాక ఫోకస్ రింగు కిందుండే హెలికాయిడ్ మరను తిరిగి ఎక్కించాలి. ఆ మరకు ఒకటికి మించి మొదళ్లు, అంటే ఎక్కించడం మొదలుపెట్టగల చోట్లు, ఉంటాయి. తప్పు మొదలు దగ్గర ఎక్కించినా రింగు సాఫీగానే తిరుగుతుంది, కానీ అనంతం గుర్తు దగ్గర పెట్టినా దూరపు చెట్టు మసకగానే కనిపిస్తుంది. ఇది వయసుతో వచ్చే జబ్బు కాదు, విప్పినవాళ్ల చేతి పని. వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఆనే పట్టాల మీద పాలరంగు పారదర్శక టేపు బిగుతుగా అంటించి, షట్టర్‌ను ‘బి’ (నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద నొక్కి పట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి భూతద్దంతో చూడమనండి. వ్యూఫైండర్లోనూ టేపు మీదా రెండు చోట్లా మసకైతే తప్పు లెన్స్‌ది. రెంటిలో ఒకచోట మాత్రమే మసకైతే బాడీలోని అద్దం, స్క్రీన్ సర్దుబాటును అనుమానించాలి. సరిగా ఉన్న మరో కె-మౌంట్ (ఈ బాడీకి సరిపోయే బిగింపున్న) లెన్స్ బిగించి చూస్తే సందేహం తీరిపోతుంది. ఈ లెన్స్‌తో తీసిన పాత నెగెటివ్‌లు ఇంట్లో ఉంటే వెతకండి. వాటిలో దూరపు దృశ్యం స్పష్టంగా ఉంటే ‘ముందే ఉంది’ అన్న మాట నిలవదు.

గీతల విషయంలో జాగ్రత్త. ఫంగస్ చెట్టు వేళ్లలా కొమ్మలు వేస్తూ పాకుతుంది. చాలాకాలం ఉంటే అద్దం మీది పూత (కోటింగ్)ను తినేస్తుంది, తుడిచాక కూడా అదే ఆకారంలో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చకు మెకానిక్ బాధ్యుడు కాడు. టార్చి ఏటవాలుగా వేసి చూసినప్పుడు బయటి అద్దం మీద సన్నగా, వంపు తిరిగి, పక్కపక్కనే గీతలు కనిపిస్తే మాత్రం అవి ఇసుక రేణువున్న గుడ్డతో తుడిచిన గుర్తులు.

చిల్లు బలహీనమైన ఆరోపణ. ఆ తెర రబ్బరు పూసిన బట్ట. ఏళ్లు గడిచేకొద్దీ బీటలిచ్చి సూదిమొనంత చిల్లులు పడతాయి. ఒకేచోట చీలిన కోత ఉంటేనే స్పాంజి గీకిన పనిముట్టు తగిలిందని వాదించొచ్చు. ఫిల్మ్ లివర్ తిప్పక ముందు ఒక తెర, తిప్పాక మరో తెర కనిపిస్తాయి కాబట్టి రెండింటినీ ఫొటో తీయండి. కెమెరా స్క్రూల తలలు కొత్తగా నలిగి లోహం మెరుస్తున్నా అదీ సాక్ష్యమే. జపాన్ కెమెరాల స్క్రూలకు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, జారి గాడిని తినేస్తుంది.

ఇక చట్టం. రిపేరుకివ్వడం 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం బెయిల్‌మెంట్, అంటే ఒక పని కోసం వస్తువును తిరిగి ఇచ్చే షరతుతో అప్పగించడం. మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువు విషయంలో తీసుకునేంత జాగ్రత్త మెకానిక్ తీసుకోవాలని 151వ సెక్షన్ చెబుతుంది. వస్తువు బాగున్నప్పుడు ఇచ్చానని, పాడై తిరిగొచ్చిందని మీరు చూపిస్తే, జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవాల్సిన భారం ఆయనదే. ‘ఓనర్ రిస్క్’ ముద్ర చూసి బెదరకండి. విప్పుతుండగా పాత బట్ట దానంతటది చిరిగితే ఆ మాట ఆయనకు కొంత అక్కరకు రావచ్చు గానీ, మరను తప్పుగా బిగించడాన్ని అది కప్పిపుచ్చదు. కెమెరా గతంలో కిందపడిందన్న సంగతి లాంటిది మీకు తెలిసీ చెప్పకపోతే మాత్రం 150వ సెక్షన్ మీకే ఎదురు తిరుగుతుంది.

డబ్బు కట్టేదాకా వస్తువును ఆపుకునే హక్కు 170వ సెక్షన్‌లో ఉంది. అయితే ఒప్పుకున్న ప్రకారం చేసిన పనికే అది వర్తిస్తుంది. మీ కేసులో వాదనకు చోటుంది, అయినా ఆ పంతానికి పోవద్దంటాను. కెమెరా అక్కడే ఉంటే సాక్ష్యమూ అక్కడే ఉంటుంది. బిల్లు రెండు కాపీల మీదా ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, హక్కులు వదులుకోవడం లేదు’ అని రాసి, లోపాలు పేర్కొని, తేదీ వేసి కట్టేయండి. దుకాణం దాటకముందే బాడీ నంబరు, లెన్స్ ముందు రింగు మీది నంబరు రసీదుతో పోల్చుకోండి. లెన్స్ మారిపోయి ఉంటే అది వేరే కథ, నమ్మకద్రోహం కింద భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ దాకా వెళ్తుంది. ఉత్త అజాగ్రత్తకు మాత్రం పోలీసు స్టేషన్ దారి కాదు.

రెండో టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్తే ముందు విప్పనివ్వకండి. పైనుంచి పరీక్షించి, చూసినదీ బాగుచేతకయ్యే అంచనా ఖర్చూ సంతకంతో రాసిమ్మనండి. వినియోగదారుల కమిషన్ మామూలుగా అఫిడవిట్లు, పత్రాల మీదే తేలుస్తుంది, కాబట్టి ఆ నివేదికను ఆయన అఫిడవిట్‌గా దాఖలు చేయించండి. ఫోన్ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63(4) కింద సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరాలు తగ్గుతాయి.

తర్వాత 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. స్పందించకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. గడువు రెండేళ్లు. రిపేరుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రిపేరు డబ్బు వాపసు, లెన్స్ బాగుచేత ఖర్చు లేదా అదే మోడల్ పాత లెన్స్ మార్కెట్ విలువ, మానసిక వేదన, కేసు ఖర్చులు విడివిడిగా కోరండి. తాతగారి జ్ఞాపకానికి పెద్ద అంకె వేయాలనిపిస్తుంది. వేయకండి, దానికి ఆధారం చూపించలేరు. రుజువులున్న ఫోకస్ సంగతినే ఫిర్యాదు మొదటి పేరాలో పెట్టండి.