మీ సందేహం – నా సమాధానం: తోబీతు చదవాలా, వద్దా?

ప్రశ్న: మాది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం, ప్రొటెస్టెంటు) కుటుంబం, తాతగారి ఊరు డోర్నకల్. వచ్చే నెల ఫాతిమానగర్‌లోని ఒక ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) ఇంటికి కోడలిగా వెళ్తున్నాను. పెళ్లిలో మొదటి పఠనం తోబీతు గ్రంథం నుంచి అని అబ్బాయి తరఫువాళ్లు చెప్పగానే నాన్నగారు భగ్గుమన్నారు. "మన బైబిల్లో లేని పుస్తకం చదివి నా కూతురి పెళ్లి చేస్తారా?" అన్నారు. కాబోయే మామగారు ఊరుకుంటారా? "ఏడు పుస్తకాలు తీసి పారేసింది మీవాళ్లే" అన్నారు. ఇద్దరూ ప్రకటన గ్రంథం చివరి వచనాలనే చూపించి ఒకరినొకరు హెచ్చరించుకుంటున్నారు. ఎవరి మాట నిజం? నాకు మళ్లీ బాప్తిస్మం ఇస్తారేమోనని అమ్మ దిగులు పడుతోంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, నేను పుట్టింది బాప్టిస్టుల ఇంట్లో, చదువుకున్నది ఫాదర్ల బడిలో. కాబట్టి రెండు వైపులా తిట్లు తినే అర్హత నాకు చిన్నప్పుడే వచ్చింది. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ముందు ఆ హెచ్చరిక సంగతి. కలిపినవాడికి తెగుళ్లు, తీసేసినవాడికి జీవవృక్షంలో భాగం లేదు అని ప్రకటన గ్రంథం చెప్పేది "ఈ గ్రంథం" గురించి, అంటే ఆ ఒక్క ప్రకటన గురించే. కలపవద్దు, తీయవద్దు అనే మాట ద్వితీయోపదేశకాండం నాలుగో అధ్యాయంలోనూ ఉంది. దాన్ని మీ పెద్దలు పట్టుకున్నట్టే పట్టుకుంటే ఆ తర్వాత వచ్చిన కీర్తనలూ ప్రవక్తలూ సువార్తలూ అన్నీ పక్కన పెట్టాలి. ఆ వచనాన్ని ఈ తగాదాలోకి లాగవద్దని ఇద్దరికీ చెప్పండి.

ఇక పుస్తకాలు. మీ బైబిల్లో 66, అత్తవారి బైబిల్లో 73. తేడా పాత నిబంధనలోనే: తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని గ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు. ఎస్తేరులోనూ దానియేలులోనూ మరికొన్ని భాగాలు ఉంటాయి. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది చదివింది గ్రీకు పాత నిబంధన. ఇవి అందులో ఉన్నాయి. హీబ్రూ గ్రంథాల వరుసలో లేవు. నాలుగో శతాబ్దం చివర లాటిన్ అనువాదానికి పూనుకున్న జెరోమ్ హీబ్రూ వైపు మొగ్గాడు. వీటికి మిగతా లేఖనాల హోదా ఇవ్వలేదు. అయినా ఇద్దరు బిషప్పులు అడిగితే తోబీతును ఒక్క రోజులో అనువదించానని తానే రాసుకున్నాడు. ఆ రోజుల్లోనే ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో 393లో, కార్తేజిలో 397లో కూడిన సభలు వీటిని జాబితాలో చేర్చాయి. అవి ప్రాంతీయ సభలే కదా అని మీ నాన్నగారు అనవచ్చు, ఆ మాటలో బలం ఉంది. మరి 1546 దాకా ఆగి కతోలికుల ట్రెంట్ మహాసభలో ఈ పుస్తకాలను కొత్తగా కలిపారని అంటే మాత్రం ఒప్పుకోను. అక్కడ జరిగింది ముద్ర వేయడమే, పుస్తకాలు అప్పటికే చదువుతున్నవి.

మామగారి మాటా అంతే. ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన లూథర్ వీటిని చింపలేదు. 1534లో అచ్చయిన తన జర్మన్ బైబిల్లో పాత నిబంధన తర్వాత విడిగా పెట్టి, ఇవి లేఖనాలతో సమానం కావు గానీ చదవడానికి మంచివి అని రాశాడు. 1611 నాటి ఇంగ్లిష్ జేమ్స్ రాజు బైబిల్లోనూ ఉన్నాయి. ప్రొటెస్టెంటు ఇళ్లలో కనబడకుండా పోవడానికి పెద్ద కారణం 1826లో లండన్‌లోని బైబిల్ సొసైటీ చేసిన తీర్మానం. వీటితో కూడిన బైబిళ్లకు తమ డబ్బు ఇవ్వకూడదన్నారు. తెలుగులో పూర్తి బైబిల్ అచ్చుకు వచ్చేనాటికి ఆ తీర్మానం అమల్లో ఉంది. మన తాతలెవరూ తోబీతును చదివి తిరస్కరించలేదమ్మా, వాళ్ల చేతికి వచ్చిన పుస్తకంలో అది లేదు, అంతే.

మీ డోర్నకల్ తాతగారి గురించి ఒక మాట. ఆ మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంఘపు సంప్రదాయంలో పుట్టింది. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్యగారు నడిపించినది. ఆ ఆంగ్లికన్లు తమ 39 నియమాల్లో ఈ పుస్తకాలను మంచి నడవడి కోసం చదువుకోవచ్చనీ, సిద్ధాంతాలకు మాత్రం ఆధారం చేసుకోకూడదనీ రాసుకున్నారు. ఇంకా చిత్రం, 1549లో వచ్చిన వారి మొదటి ప్రార్థన పుస్తకంలో పెళ్లి ఆశీర్వాదంలోనే తోబీతు గ్రంథంలోని దంపతులు తోబియా, సారాల పేర్లు ఉన్నాయి. 1552లో ఆ చోట అబ్రాహామునూ శారానూ పెట్టారు. నాన్నగారికి ఈ సంగతి మెల్లగా, భోజనం అయ్యాక చెప్పండి.

పెళ్లిలో చదివేది ఎనిమిదో అధ్యాయంలో తోబియా, సారా తొలి రాత్రి చేసిన ప్రార్థన. ఆదాముకు హవ్వను తోడుగా ఇచ్చావు, మనుష్యుడు ఒంటరిగా ఉండడం మంచిది కాదన్నావు అంటూ ఆదికాండం మాటలనే దేవునికి గుర్తు చేస్తుంది. సి.ఎస్.ఐ. వారు జడుసుకోవలసినది అందులో ఏదీ లేదు. (సారాకు అంతకుముందు పెళ్లాడిన ఏడుగురు తొలి రాత్రే చనిపోయారు. ఈ అల్లుడూ దక్కడేమోనని సారా తండ్రి రాత్రికి రాత్రే గొయ్యి తవ్వించి పెట్టాడు. పఠనం అక్కడిదాకా వెళ్లదు, అదృష్టం.) అంతకీ నాన్నగారు ససేమిరా అంటే ఆదికాండం రెండో అధ్యాయం చదవమనండి. కతోలిక పెళ్లి పఠనాల్లో అదీ ఉంది, ఎంచుకునే స్వేచ్ఛ వధూవరులదే. ఫాదర్‌గారితో ఐదు నిమిషాలు మాట్లాడితే తేలిపోతుంది.

అమ్మగారి దిగులు తీర్చడం ఇంకా తేలిక. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో పొందిన బాప్తిస్మాన్ని కతోలిక సంఘం జ్ఞానస్నానంగానే అంగీకరిస్తుంది, మళ్లీ ఇవ్వదు. మీ అయ్యగారి (పాస్టరు) దగ్గర బాప్తిస్మ పత్రం తెచ్చుకోండి చాలు. సత్ప్రసాదం (మీరు ప్రభు భోజనం అనేది) మాత్రం సాధారణంగా మీకు ఇవ్వరు. అది ముందే మీ బంధువులకు చెబితే పెళ్లి రోజు వరుసలో నిలబడి చిన్నబోయే అవస్థ ఉండదు.

మీరు అడగనిది ఒకటుంది. నన్నడిగితే అసలు ప్రశ్న అదే. ఇలాంటి పెళ్లికి బిషప్‌గారి అనుమతి కావాలి. దాని కోసం అబ్బాయి ఒక మాట ఇస్తాడు: పుట్టే పిల్లలందరికీ కతోలిక సంఘంలో జ్ఞానస్నానం ఇప్పించి, ఆ విశ్వాసంలోనే పెంచడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని. పాత చట్టంలో ఇద్దరి చేతా రాయించుకునేవారు. 1970లో ఆరో పౌలు పోప్ దాన్ని మార్చారు. ఇప్పుడు మీరు ఏ మాటా ఇవ్వనక్కరలేదు, కానీ ఆయన ఇచ్చాడన్నది మీకు తెలియాలి. నియమం రాతపూర్వకంగా ఉన్నది అటువైపు, ఆశలు ఉన్నది ఇటువైపు. మొదటి మనవడిని ఎత్తుకుని డోర్నకల్ గుడికి వెళ్లాలని మీ నాన్నగారు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు. తోబీతు మీద ఖర్చు పెడుతున్న కోపంలో సగం ఓపిక చేసుకుని మీరిద్దరే కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోండి. పెద్దలను పిలవవద్దు. పెళ్లి కార్డులు అచ్చుకు ఇవ్వకముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: ఆర్.సి.ఎం. వారు బైబిల్ చదవరనీ, ఫాదర్ చెప్పిందే వేదమనీ మా సంఘంలో అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఒకప్పుడు ఆ మాటకు ఆధారం ఉంది. 1559 నాటి రోము నిషేధ పుస్తకాల జాబితా అనుమతి లేకుండా దేశభాషల బైబిళ్లు చదవకూడదంది. 1965లో రెండో వాటికన్ మహాసభ లేఖనాలు విశ్వాసులందరికీ ధారాళంగా అందాలంది. ఇప్పుడు ఏ ఆదివారమైనా పూజకు వెళ్లి చూడండి, పాత నిబంధన, లేఖలు, సువార్త అన్నీ వినిపిస్తాయి. వాక్యానికి తుది అర్థం చెప్పే అధికారం సంఘానిదే అన్న మాట మాత్రం వారు వదులుకోలేదు, దాచుకోనూ లేదు. మీ సంఘంలో పాస్టర్‌గారి వ్యాఖ్యానం తప్పని ఎవరైనా లేచి అంటే ఏమవుతుందో కూడా రాయండి. వచ్చే సంచికలో వేస్తాను.

ప్రశ్న: పోప్ ఏం మాట్లాడినా తప్పు ఉండదని వారి నమ్మకమా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు. విశ్వాసం గురించో నీతి గురించో సంఘమంతటికీ కట్టుబాటుగా అధికారికంగా ప్రకటించినప్పుడే అని 1870లో నిర్వచించారు. ఆ తర్వాత ఆ అధికారాన్ని ఆ విధంగా వాడింది ఒక్కసారే, 1950లో, మరియమాత దేహంతో పరలోకానికి ఎత్తబడిందని ప్రకటించినప్పుడు. వాతావరణం మీదో ఫుట్‌బాల్ మీదో పోప్ చెప్పిన మాటతో మీరు నిక్షేపంగా విభేదించవచ్చు.