మొక్కల పూత ఊడిపోతుంది, ఊడిపోనివ్వండి

"మొక్కల నుంచి తీసిన పదార్థాలతో పూత వేస్తే నీటి వడపోత మెంబ్రేన్లు నిజంగా మెరుగుపడతాయా?" అని అడిగారు. మెరుగుపడతాయి. నా చేతులతో వేసి చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఆ పూత ఎన్నాళ్లుంటుందో మాత్రం ఎవరూ అడగడం లేదు. నా బాధంతా అదే.

మెంబ్రేన్ అంటే సన్నని రంధ్రాలున్న వడపోత పొర. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన మెంబ్రేన్ తెల్లకాగితంలా ఉంటుంది. దాని మీద నీటిచుక్క వేస్తే తామరాకు మీద వేసినట్టే, గుండ్రంగా నిలబడుతుంది. నీటిని దూరం పెట్టే ఆ గుణమే నూనెనూ మాంసకృత్తులనూ అంటించుకుంటుంది. రంధ్రాలు పూడుకుపోతాయి.

ప్రయోగశాలలో పనిచేసిన రోజుల్లో అలాంటి ఒక ముక్కను టానిక్ ఆమ్లంలో ముంచి, ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణం కలిపాను. టానిక్ ఆమ్లం మాచికాయల్లో మెండుగా ఉండే వగరు పదార్థం, టానిన్లలో ఒకటి. పాతకాలపు సిరా తయారీ కూడా ఇదే రసాయనం. చూస్తుండగానే ద్రావణం నల్లబడింది. ముక్కను తీసి కడిగి మళ్లీ చుక్క వేశాను. ఈసారి అది నిలబడలేదు, పరుచుకుని లోపలికి ఇంకిపోయింది. ఆ సంతోషంలో ఎన్ని చుక్కలు వేశానో లెక్కలేదు. నూనె కలిపిన నీటిని పంపితే, పూత లేని ముక్క కన్నా ఎంతో సేపు ధార తగ్గకుండా వచ్చింది.

తర్వాత, తుప్పు, సున్నపు పొర వదిలించడానికి ప్లాంట్లలో వాడే సిట్రిక్ ఆమ్లంతోనే దాన్ని కడిగాను. నలుపు వెలిసిపోయింది. చుక్క వేస్తే మళ్లీ గుండ్రంగా కూర్చుంది. పుల్లని నీటిలో ఇనుముకూ టానిన్‌కూ మధ్య ఉన్న పట్టు సడలుతుంది, పైగా సిట్రిక్ ఆమ్లం ఇనుమును తనవైపు లాక్కుంటుంది.

ఈ కడుగుడు పరీక్ష చాలా పరిశోధన పత్రాల్లో కనిపించదు. ఆవు రక్తం నుంచి తీసిన ప్రొటీన్ ఆల్బుమిన్‌ను శుభ్రమైన నీటిలో కలిపి, కొన్ని గంటలు నడిపి, "అద్భుతం" అని రాసేస్తారు. నదినీటిలో ఆ ఒక్క ప్రొటీన్ మాత్రమే ఉంటుందా? నాచు, బంక, కుళ్లిన ఆకుల రసం, బాక్టీరియా అన్నీ కలిసే వస్తాయి. ఇంకొకటి: అడుగున ఉన్న ప్లాస్టిక్ పొరను విషపూరితమైన ద్రావకాలతో పోత పోసి, పైన నానోమీటర్ల మందం టానిన్ పూసి "పర్యావరణహితం" అనడం నాకు నచ్చదు. 1960 ప్రాంతంలో లోబ్, సౌరిరాజన్ అనే శాస్త్రవేత్తలు తయారుచేసిన, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే రివర్స్ ఆస్మాసిస్ పొర మొత్తం సెల్యులోజ్ అసిటేటే, అంటే మొక్కల పీచు నుంచి చేసిన పదార్థమే. మొక్క ఈ రంగానికి కొత్తగా రాలేదు.

నా అభిప్రాయం వేరు. ఈ పూతను శాశ్వతంగా అతికించాలని తంటాలు పడటం మానాలి. మురికి పట్టాక ఆమ్లంతో పూతనే ఊడదీస్తే, దానికి అంటుకున్న జిడ్డులో చాలావరకు దాంతోపాటే పోతుంది. మళ్లీ పూయడానికి కొన్ని నిమిషాలు చాలు. నేను అదే ముక్కను ఆ మధ్యాహ్నమే మళ్లీ ముంచాను, మళ్లీ నల్లబడింది, చుక్క మళ్లీ పరుచుకుంది.