ఎక్కువ పడిన డబ్బు వెనక్కి పంపమంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. నేనూ మా తోడికోడలూ ఇంట్లో పూతరేకులు చుట్టి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని పార్సిళ్లు పంపుతాం. నెల క్రితం ఒకాయన రూ.9,000 ఆర్డరుకు రూ.12,000 వేసి, పొరపాటైంది, మిగతా మూడు వేలు మా తమ్ముడి నంబరుకు కొట్టండి అన్నాడు. కొట్టాను, సరుకూ పంపాను. ఇప్పుడు నా ఖాతాలో రూ.12,000 హోల్డ్ అయింది. మొన్న ఇంకొకరు పెళ్లికని రూ.18,500 సరుకు అడిగి, డబ్బు పంపామన్నారు. వెంటనే బ్యాంకు పేరుతో మెయిల్ వచ్చింది: మీది పర్సనల్ ఖాతా, బిజినెస్ ఖాతాగా మార్చడానికి రూ.5,000 కడితే మొత్తం విడుదలవుతుందని. కట్టమంటారా?

జవాబు: కట్టకండమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ 18,500 ‘ఖాతాలో పడింది’ అన్న మాట ఎక్కడా లేదు. ‘పంపామన్నారు’, ‘మెయిల్ వచ్చింది’ అనే ఉంది. డబ్బు పడితే పాస్‌బుక్‌లోనో బ్యాంకు యాప్‌లోనో కనబడుతుంది, పడకపోతే పంపినవాళ్ల ఖాతాకే తిరిగిపోతుంది. మధ్యలో ఆగి, తీసుకునేవాళ్లు కొంత కడితే కదిలే డబ్బు ఏ బ్యాంకులోనూ ఉండదు. ఆ మెయిల్లో లింకు నొక్కొద్దు, అందులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయొద్దు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 నుంచి మన బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసేలా మారాయి. అనుమానముంటే మీ బ్యాంకు చిరునామా మీరే టైపు చేసుకుని చూడండి, లేదా పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లండి. స్క్రీన్‌షాట్‌నీ, ఫోనుకొచ్చే ‘క్రెడిట్ అయింది’ మెసేజ్‌నీ కూడా నమ్మకండి. రెండూ తయారుచేయడం ఐదు నిమిషాల పని.

ఇక అసలు దెబ్బ ఆ పన్నెండు వేలది. మన వైపు మొహమాటం ఎక్కువ, పరాయి సొమ్ము మూడు వేలు ఇంట్లో ఉంటే నిద్రపట్టదు. ఆ నిజాయితీని పట్టుకునే వాడు ఆడాడు. ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగేది ఇది: ఎక్కడో ఒకరిని మోసం చేసి, ఆ డబ్బు మీ నంబరుకు వేయిస్తారు. పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, సైబర్ పోలీసులు డబ్బు నడిచిన దారి పట్టుకుని మీ ఖాతా దాకా వస్తారు. వాడికి పూతరేకులూ ముట్టాయి, మూడు వేలూ ముట్టాయి. రికార్డులో మాత్రం మీ పేరు మిగిలింది.

బ్రాంచికి వెళ్లి, ఏ ఫిర్యాదు మీద హోల్డ్ పెట్టారో, దాని నంబరేమిటో, ఏ రాష్ట్రం పోలీసులో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు. ఆర్డరు మెసేజ్‌లు, ‘తమ్ముడి నంబరుకు కొట్టండి’ అన్న మెసేజ్, పార్సిల్ రసీదు, మూడు వేలు పంపిన యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు అన్నీ కలిపి ఆ దర్యాప్తు అధికారికి మెయిల్ చేయండి, కాపీ బ్యాంకుకి ఇవ్వండి. మోసపోయినవాళ్లలో మీరూ ఒకరు కాబట్టి 1930కి ఫోన్ చేసి మీ తరఫున కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. మీకు పన్నెండు వేలకే హోల్డ్ పెట్టారు, అది నయం. కొందరికి ఖాతా మొత్తం ఆపేస్తారు. అనుమానమున్న మొత్తానికే ఆపుదల పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. రేపు మీకు మొత్తం ఆపితే ఆ మాట గుర్తుచేయండి. ‘హోల్డ్ తీయిస్తాం, ఇంత ఇవ్వండి’ అని ఫోన్ చేసేవాడు మాత్రం రెండో దొంగ.

ఇకముందు ఎవరైనా ఎక్కువ వేస్తే మీరు వేరే నంబరుకు పైసా పంపొద్దు. ‘మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, వాళ్లు మా బ్యాంకును అడుగుతారు’ అనండి. మీరూ బ్రాంచికి చెప్పి ఉంచండి. తిరిగి వెళ్లాల్సింది వచ్చిన ఖాతాకే. నిజంగా పొరపాటు చేసినవాడు రెండు రోజులు ఆగుతాడు. దొంగయితే తిడతాడు, పోలీసు కేసంటాడు, పిల్లాడికి ఆపరేషనంటాడు.

కడియపులంకలో ఒక నర్సరీ ఆయన నాకు చెప్పారు. ఆర్మీ ఆఫీసరునని ఒకడు ఫోన్ చేసి, కంటోన్మెంటుకి రెండు వందల మామిడి అంట్లు కావాలని, డబ్బు వేయడానికి ఒక క్యూఆర్ కోడ్ పంపాడట. స్కాన్ చేస్తే పిన్ అడిగింది. ఈయన నొక్కబోతుంటే, మొక్కలకు నీళ్లు పెడుతున్న కుర్రాడు ‘మనకి డబ్బొచ్చేటప్పుడు మనమెందుకండి పిన్ కొట్టడం?’ అన్నాడట. అంతే, ఫోన్ పెట్టేశారు. డబ్బు తీసుకోడానికి స్కానూ పిన్నూ అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు సర్దుకోవడం గురించి ఒక మాట. వ్యాపారం డబ్బూ, ఇంటి డబ్బూ, డ్వాక్రా వాయిదా కట్టే డబ్బూ మీరు ఒకే ఖాతాలో పెట్టుకున్నట్టుంది. ఇలాంటి హోల్డ్ పెద్దదైతే పిల్లల ఫీజు కూడా ఆగుతుంది. ఆర్డర్ల కోసం ఇంకో ఖాతా తెరిచి, దానికే వ్యాపారుల క్యూఆర్, వీలైతే సౌండ్ బాక్స్ పెట్టించుకోండి. వచ్చినదాంట్లో బియ్యం, నెయ్యి, బెల్లం ఖర్చులకు ఉంచి, మిగతాది వారానికోసారి ఇంటి ఖాతాకి మార్చండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న ఖాతాను యూపీఐకి కలపకండి. యాప్‌లో రోజువారీ పరిమితి తగ్గించుకునే వీలుంటే, మీకు అవసరమైనంతకి తగ్గించండి. ఇంకో చోట రెండు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. ఈ పన్నెండు వేల కోసం బంగారం మాత్రం తాకట్టు పెట్టకండి.

ఆ పెళ్లివారి సంగతి. నిజమైన పెళ్లే అయితే సగం అడ్వాన్స్ మీ కొత్త క్యూఆర్‌కి వేయమనండి. అది మీ యాప్‌లో కనబడ్డాకే బియ్యం నానబెట్టండి.