తీసేసిన వాళ్ళ లెక్క, తీసుకోని వాళ్ళ లెక్క

చిరంజీవి వంశీకి,

అత్తయ్య దీవెనలు. ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా పోవా అని మీ కాలేజీ గ్రూపులో జరిగిన గొడవంతా నాకు పంపించి, ఎలా వాదించాలో చెప్పమన్నావు. మొత్తం చదివాను. నువ్వు తప్పేమీ మాట్లాడలేదు. కానీ నువ్వూ, నీతో పడ్డ ఆ అబ్బాయీ చివరిదాకా వేర్వేరు మనుషుల గురించి మాట్లాడారు. పోవంటున్న అతను ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ళ సంగతి చెబుతున్నాడు. పోతాయంటున్న నువ్వు వచ్చే ఏడాది డిగ్రీ చేతికొచ్చే మీ బ్యాచ్ సంగతి చెబుతున్నావు. ఇద్దరిలో ఒక్కరైనా "ఎవరి ఉద్యోగం?" అని అడిగి ఉంటే సగం గొడవ జరిగేదే కాదు.

ఈ ప్రశ్న విలువ నాకు బ్యాంకులో తెలిసింది. నేను క్లర్కుగా చేరిన కాలంలో కంప్యూటర్ పేరెత్తితే బ్రాంచిలో రెండు పార్టీలయ్యేవి. 1983లో బ్యాంకుల యాజమాన్యాలకీ ఉద్యోగ సంఘాలకీ ఒప్పందం కుదిరింది. యంత్రాలు పరిమితంగానే పెట్టాలి, వాటి వల్ల ఎవరినీ ఇంటికి పంపకూడదు అని. మరుసటి ఏడాది రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో యంత్రాలు ఎక్కడ ఎలా పెట్టాలో సిఫార్సులు చేసింది. (తర్వాత రిజర్వు బ్యాంకుకీ, ఆ పైన మన ఉమ్మడి రాష్ట్రానికీ గవర్నరుగా చేసిన రంగరాజన్ గారే.) భోజనాల వేళ మా వాదనలు వినాల్సిందే. పదేళ్ళలో బ్రాంచికి ఇద్దరే మిగులుతారని ఒకరు, ఒప్పందం ఉంది కాబట్టి ఒక్క ఉద్యోగం కూడా పోదని ఇంకొకరు. రెండువైపులా తెలివైనవాళ్ళే.

ఒప్పందం నిలబడింది. ఖాతా పుస్తకాల్లో పద్దులు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ మెషీన్ వచ్చిందని మా బ్రాంచిలో ఎవరినీ తీసేయలేదు. మెల్లగా తీసుకోవడం తగ్గించారు, అంతే. తొంభైల్లో క్లర్కు పోస్టుల నోటిఫికేషన్లు అరుదైపోయాయి. 2000లో ప్రభుత్వ బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చాక దాదాపు లక్ష మంది వెళ్ళిపోయారు. వాళ్ళకి చేతిలో డబ్బు పడింది, సన్మానాలు జరిగాయి. ఆ కుర్చీల్లో చాలావాటిలో మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. దెబ్బ తగిలింది మాకు కాదు వంశీ. బీకాం చదివి, టైపు హయ్యర్ పాసై, బ్యాంకు పరీక్షల గైడ్లు కొనుక్కుని నోటిఫికేషన్ కోసం కూర్చున్న మా తర్వాతి పిల్లలకి. వాళ్ళు మా ధర్నాల్లో లేరు, కమిటీల ముందుకీ రాలేదు. వాళ్ళ ఉద్యోగం పోలేదు, అసలు రాలేదు. అందుకే ఏ లెక్కలోనూ వాళ్ళు కనపడరు.

ఇంకోవైపు చూస్తే, 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. వై2కె పనులు, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పనులు, వచ్చాయి. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్ళు అమెరికా విమానం ఎక్కారు. కంప్యూటర్ ఉద్యోగాలు తెస్తుందన్నవాళ్ళ మాట కూడా నిజమే అయింది. కాకపోతే వచ్చినవి వేరే పిల్లలకి, వేరే ఊళ్ళో వచ్చాయి. మొత్తం కూడితే లాభమే కదా అనడం సులువు. టైపు హయ్యర్ పాసైన తెనాలి కుర్రాడికి ఆ కూడికతో పనేముంది?

కాబట్టి ఉద్యోగాల వార్త ఏది కనపడినా తీసేసిన వాళ్ళ లెక్కతోపాటు తీసుకోని వాళ్ళ లెక్క కూడా అడుగు. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటానంది. ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్ళు. ఏఐ మింగేసిందని గగ్గోలు. కంపెనీ సీఈఓ మాత్రం ఏఐ కారణం కాదు, వాళ్ళ నైపుణ్యాలు కొత్త పనులకి సరిపోవడం లేదన్నారు. ఆయన మాటని వేదంలా తీసుకోమనడం లేదు. కంపెనీ చెప్పింది ఏమిటి, హెడ్డింగ్ పెట్టినవాడు చేర్చింది ఏమిటి అని ముందు విడదీయి. ఆ తర్వాత నీలాంటివాడు అడగాల్సింది వేరే ఉంది. క్యాంపస్‌లకి వచ్చే కంపెనీలు పోయినేడాది ఎంతమందిని తీసుకున్నాయి, ఈ ఏడాది ఎంతమందిని? 12 వేల మంది అన్న మాటకి ఊరంతా ఉలిక్కిపడుతుంది. కొత్తవాళ్ళని తగ్గిస్తే మీ ప్లేస్‌మెంట్ సెల్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

శాతాలు విసిరేవాళ్ళు నీకు రోజూ తగులుతారు. అమెరికాలో 47 శాతం ఉద్యోగాలు ప్రమాదంలో ఉన్నాయన్న మాట నువ్వూ వాడావు. అది 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రే, ఆస్బోర్న్ అనే ఇద్దరు వేసిన అంచనా. వాళ్ళు ఉద్యోగాన్ని మొత్తంగా ఒక ముద్దగా తీసుకుని, దాన్ని యంత్రం చేయడం సాంకేతికంగా సాధ్యమా అని చూశారు. మహా అయితే ఒకటి రెండు దశాబ్దాల్లో సాధ్యం కావచ్చు అన్నారే తప్ప, పోయి తీరతాయని అనలేదు. 2016లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) కోసం ఇంకొందరు అదే ప్రశ్న వేసుకున్నారు. ఒక్కో ఉద్యోగాన్ని అందులోని చిన్న చిన్న పనులుగా విడగొట్టి చూస్తే అది 9 శాతానికి దిగింది. దేశం అదే, కాలం దాదాపు అదే. 47కీ 9కీ మధ్య తేడా అంతా ఎలా లెక్కపెట్టారన్న దాంట్లో ఉంది. ఈ రెండో అంకె తెలియకుండా మొదటిది వాడితే, తెలిసినవాడు ఒక్క మాటతో నీ నోరు మూయించేస్తాడు. నీ వాదన నిజానికి ఆ అంకె లేకపోయినా నిలబడుతుంది.

చెప్పేవాడు ఏం అమ్ముకుంటున్నాడో కూడా చూడు. స్వీడన్‌లో క్లార్నా అనే కంపెనీ ఉంది. తమ ఏఐ 700 మంది కస్టమర్ కేర్ వాళ్ళ పని చేసేస్తోందని 2024 ఫిబ్రవరిలో గొప్పగా చెప్పుకుంది. ప్రపంచమంతా ఆ ముక్క పట్టుకుంది. 2025లో అదే కంపెనీ పెద్దాయన నాణ్యత తగ్గిందని ఒప్పుకుని మళ్ళీ మనుషుల్ని తీసుకుంటామన్నాడు. ఈ రెండో వార్త ఎంతమందికి చేరిందంటావు? మొదటిది పంపినవాళ్ళలో రెండోది పంపినవాళ్ళు నాకైతే కనపడలేదు.

అమ్ముకోవడానికి కాకుండా నమ్మి చెప్పేవాళ్ళు కూడా పొరబడతారు. ఇప్పటి ఏఐకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటివాడు, తర్వాత 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన, 2016లో ఇక రేడియాలజిస్టులకి (ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టర్లకి) శిక్షణ ఇవ్వడం ఆపేయాలి, ఐదేళ్ళలో యంత్రం వాళ్ళని మించిపోతుంది అన్నాడు. ఐదేళ్ళు దాటి చాలాకాలమైంది. రేడియాలజిస్టులకి గిరాకీ తగ్గలేదు. ఆయనకి యంత్రం గురించి తెలిసినంత ఆసుపత్రి గురించి తెలియదు. ఫిల్ము చూడటం ఆ డాక్టరు పనిలో ఒక భాగం. ఏ పరీక్ష అవసరమో నిర్ణయించడం, పాత రిపోర్టులతో పోల్చడం, సర్జన్‌తో మాట్లాడటం, చివర సంతకం పెట్టి బాధ్యత తీసుకోవడం మిగతాది. ఏదైనా పని పోతుందని ఎవరన్నా అంటే, ఆ పని చేసేవాళ్ళని ఒకరిని పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో అడుగు. గూగుల్‌లో ఎంత వెతికినా దొరకనిది అక్కడ దొరుకుతుంది.

ఇక భయంతో మాట్లాడేవాళ్ళు. 2021 మేలో 5జీ టవర్ల వల్లే కరోనా వస్తోందని మన ఫ్యామిలీ గ్రూపులో వచ్చినప్పుడు మీ అన్నయ్య అందరి ముందూ ఎద్దేవా చేశాడు. మీ పెదనాన్నగారు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, ఆ నమ్మకం మాత్రం ఆయనతోనే వెళ్ళింది. అప్పటికి మన దేశంలో 5జీ లేనే లేదు. టెలికాం శాఖ ఆ నెలలోనే ఆ మాట చెప్పింది. 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న. ఈ ఒక్క ముక్క ఆయనకి విడిగా ఫోన్ చేసి, "పెదనాన్నా, మనకింకా రానేలేదట కదా" అని చెబితే సరిపోయేది. నలుగురిలో ఓడిపోవడం పెద్దవాళ్ళకి ప్రాణం మీదకొస్తుంది. మీ వయసువాళ్ళకీ అంతే, ఒప్పుకోరు.

నన్ను నిజంగా విసిగించేది వేరే ఉంది. యంత్రాలు మనుషుల్ని అంతం చేస్తాయా అని తెల్లవార్లూ వాదించే పిల్లలకి పక్కింట్లో జరిగింది తెలియదు. తెలంగాణలో 2014 తర్వాత దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఎవరూ ఇంటికొచ్చి చూడకుండా, కంప్యూటర్ జల్లెడ పట్టిన దాన్ని బట్టే తీసేశారన్నది కోర్టుకెళ్ళినవాళ్ళ ఫిర్యాదు. ఆ కార్డుల్ని ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అందులో అనర్హులు లేరని నేననను. ఉండే ఉంటారు. కానీ కారుందని యంత్రం పొరబడి అర్హుడైన ఒక ముసలాయన కార్డు తీసేస్తే, తనకి కారు లేదని నిరూపించుకునే బాధ్యత ఆయన మీదా, ఉందని నిరూపించే బాధ్యత ఆఫీసు మీదా? యంత్రం పొరబడితే ఏ కౌంటర్ దగ్గరికి వెళ్ళాలి, ఎన్నాళ్ళలో సరిచేస్తారు, ఆ నెలల బియ్యం సంగతేమిటి? టెక్నాలజీ మంచిదా చెడ్డదా అన్నదానికి తీర్పు ఎప్పటికీ రాదు. ఈ ప్రశ్నలకి మాత్రం జవాబులు ఉంటాయి, అడిగితే ఎవరో ఒకరు చెప్పి తీరాలి. నీ వాదన ఎప్పుడు గాల్లోకి లేస్తున్నా ఇక్కడికి దింపు.

మిగతావి చిన్న విషయాలు, నీకూ తెలిసినవే. వార్త తేదీ చూడు, రెండేళ్ళ కిందటివి కొత్త బట్టలు వేసుకుని తిరుగుతుంటాయి. యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూసి జవాబు రాయకు. రాత్రి పదకొండు తర్వాత అసలు రాయకు. అవతలివాడు ఏ జవాబు వస్తే ఒప్పుకుంటాడో ముందే అడుగు. ఏ జవాబుకీ ఒప్పుకోనంటే అక్కడితో నమస్కారం పెట్టేయి, టెన్షన్ తగ్గుతుంది. ఆ అబ్బాయి ఎందుకంత కోపంగా ఉన్నాడో కూడా కనుక్కో. వాళ్ళింట్లో ఎవరి ఉద్యోగమైనా ఊగిసలాడుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు అతనికి అంకెలు చూపించి గెలిచి ఏం చేసుకుంటావు?

దసరాకి ఇంటికొస్తావు కదా. బియ్యం ఇచ్చే రోజు మీ నాయనమ్మతో రేషన్ డిపోకి వెళ్ళు. మిషన్ మీద ఎవరి వేలిముద్ర పడటం లేదో, పడనివాళ్ళతో డీలరు ఏమంటున్నాడో, వాళ్ళు తిరిగి ఎప్పుడు వస్తున్నారో చూసి రాసుకో. గ్రూపులో తర్వాత పెట్టబోయేది అక్కడినుంచి మొదలుపెట్టు. పెట్టే ముందు నాకొకసారి పంపు.

ఉంటాను,
అత్తయ్య