సివిల్ దావాకు ఆధారం ఏమిటి, కోర్టు ఏమివ్వగలదు?
"నాకు నష్టం జరిగింది, దావా వేయడానికి అది చాలదా?" అని అడిగారు. చాలదు. చట్టం గుర్తించిన హక్కుకు భంగం కలగాలి: ఒప్పందం తప్పడం, నిర్లక్ష్యం, పరువు నష్టం, ఆస్తి ఆక్రమణ వంటివి.

కోర్టు ఇచ్చే ఊరట అనగానే అందరికీ డబ్బే గుర్తొస్తుంది. కానీ పక్కవాళ్లు మీ స్థలంలోకి జరిగి గోడ లేపుతుంటే మీకు కావాల్సింది డబ్బు కాదు, ఆ పని ఆగడం. అక్కడ ఇంజంక్షన్ (పని ఆపమని కోర్టు ఇచ్చే ఆదేశం) అడగాలి, అదీ గోడ పూర్తి కాకముందే. ఇల్లు అమ్ముతానని రాసిచ్చి రిజిస్టర్ చేయకపోతే ఒప్పందాన్నే అమలు చేయించమనొచ్చు. అలాంటి ఇల్లు ఇంకోటి దొరకదు కదా!

నష్టపరిహారం మాత్రం మామూలుగా రుజువు చేసుకోగలిగినంతే వస్తుంది. బిల్లులు, మెసేజ్‌లు జాగ్రత్తగా దాచుకోండి. దావా వేయడానికి గడువు ఉంటుంది. లాయరును ముందుగా దాని గురించే అడగండి.