కాలు తీస్తేనే వణుకుతోంది
బండి సందేహాలు – కడప షెడ్డు నుంచి

ప్రశ్న: అన్నా, మా ఇల్లు కడపలో, నా టీచర్ ఉద్యోగం రాయచోటి పక్కన. ఎలక్ట్రిక్ కారులో రోజూ పోయి వస్తాను. మోటారు ముందు చక్రాలకే. ఈమధ్య గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే కారు వణుకుతోంది. రీజెన్, అంటే కాలు తీయగానే మోటారే బండిని పట్టి ఆపేది, మూడో లెవెల్‌లో పెడితే బాగా తెలుస్తుంది, ఒకటో లెవెల్‌లో దాదాపు ఉండదు. వేగం 70 నుంచి 40కి తగ్గేలోపే ఈ షేకింగ్, తర్వాత మామూలే. స్టీరింగ్ ఊగదు, సీటూ ఫ్లోరూ అదురుతాయి. పొద్దున ఘాట్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే కూడా కొంచెం ఉన్నట్టు అనిపిస్తుంది. చక్రాల బ్యాలెన్సింగ్ చేయించాం. ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చారు, 14 వేలు అయింది. తేడా లేదు. ఇప్పుడేమో ‘ఎలక్ట్రిక్ కార్లు ఇట్లే ఉంటాయి మేడం’ అంటున్నారు. బడి దారి బాగాలేదని పోయిన వేసవిలో ముందు స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు పెట్టించినాము. కారులో పిల్లలు కూడా ఉంటారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక టీచర్, కడప

జవాబు: అమ్మా, ఎలక్ట్రిక్ కార్లు ఇట్లే ఉండవు. బాగున్న కారు కాలు తీస్తే వెనక్కి పట్టి లాగినట్టు మెత్తగా తగ్గుతుంది, వణకదు. ఆ మాట నమ్మి ఊరుకోకండి.

డిస్కులు మార్చడం దగ్గరే దారి తప్పింది. కాలు తీసినప్పుడు మీ కారును ఆపుతున్నది డిస్కులు కావు, మోటారు. అప్పటిదాకా చక్రాన్ని తిప్పిన మోటారే జనరేటర్‌గా మారి, చక్రం తిరిగే బలాన్ని కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. ఆ లాగుడంతా డ్రైవ్ షాఫ్టుల గుండా, అంటే మోటారుకూ చక్రాలకూ మధ్య తిరిగే కడ్డీల గుండా, ముందు చక్రాలకు పోతుంది. ప్యాడ్ డిస్కును తాకనే తాకలేదు. తాకని డిస్కు కారును ఎలా వణికిస్తుంది? పైగా ముందు డిస్కు వంకర పోతే వణుకు మొదట స్టీరింగ్‌లోనే తెలుస్తుంది. మీ స్టీరింగ్ ఊగడం లేదని మీరే రాశారు.

బ్యాలెన్సింగ్ సంగతీ అంతే. చక్రం బరువులో తేడా ఉంటే ఒక వేగం దగ్గర కాలు తొక్కినా తీసినా ఊగుతుంది, రీజెన్ లెవెల్ మారిస్తే తగ్గదు. మీది లెవెల్‌తో పాటు పెరుగుతోంది. అంటే వేగం ఒక్కటే కారణం కాదు, షాఫ్టు మీద పడే బరువు కారణం.

ఎవరికైనా మళ్లీ డబ్బు ఇచ్చే ముందు ఈ పరీక్ష చేయండి. ఘాట్‌లో మాత్రం వద్దు. తెల్లవారుజామున మైదుకూరు వైపు నాలుగు లైన్ల రోడ్డు మీద, ముందూ వెనకా బండ్లు లేని చోట, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని చేయండి. బ్యాటరీ నిండుగా ఉండకూడదు. 70లో పోతూ మూడో లెవెల్‌లో కాలు తీసి వణుకు గమనించండి. మళ్లీ అదే వేగానికి వచ్చి గేరును న్యూట్రల్‌లో పెట్టి బండిని దానంతట దాన్ని పోనివ్వండి. స్విచ్ మాత్రం ఆపకూడదు. న్యూట్రల్‌లో రీజెన్ ఉండదు. మూడోసారి న్యూట్రల్‌లోనే ఉంచి కాలి బ్రేకును నెమ్మదిగా నొక్కండి. ఇప్పుడు పనిచేసేది డిస్కులు ఒక్కటే. రీజెన్‌ను సున్నా లెవెల్‌లో పెడితే చాలదా అని అడుగుతారేమో. చాలదు. చాలా కార్లలో లెవెల్ సున్నాలో ఉన్నా బ్రేకు పెడల్ నొక్కగానే కంప్యూటర్ కొంత రీజెన్ కలుపుతుంది, పరీక్ష కలగాపులగం అవుతుంది.

న్యూట్రల్‌లో ఊరికే పోతున్నప్పుడు కూడా వణికితే టైరు, రిమ్ము, హబ్ బేరింగ్ చూడాలి. కాలి బ్రేకుకు మాత్రమే వణికితే డిస్కు. రీజెన్‌కూ కాలి బ్రేకుకూ రెండింటికీ వణికితే చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్ల మీద అనుమానం, ఎందుకంటే ఏ విధంగా ఆపినా చక్రం వెనక్కి లాగబడుతుంది, చిరిగిన బుష్ దాన్ని నిలబెట్టలేదు. రీజెన్‌కు మాత్రమే వణికి, న్యూట్రల్‌లో బ్రేకు నున్నగా పడితే డ్రైవ్ షాఫ్టు జాయింటు గానీ, మోటారును బండికి పట్టి ఉంచే మౌంటింగ్ గానీ. మీ ఉత్తరం చదివితే మీది ఈ చివరి దారే అనిపిస్తోంది.

అందులోనూ నా మొదటి అనుమానం డ్రైవ్ షాఫ్టు లోపలి వైపు సీవీ జాయింటు మీద, అంటే షాఫ్టు వంగినా తిప్పుడు ఆగకుండా పంపే కీలు, మోటారు పక్కనున్నది. చాలా కార్లలో ఆ కప్పు లోపల మూడు గాడులు, వాటిలో మూడు రోలర్లు ఉంటాయి. చక్రం ఎత్తుపల్లాలకు పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రోలర్లు ఆ గాడుల్లో ముందుకూ వెనక్కూ జారుతాయి. తాడు రాసుకుని బావి గట్టు రాయి అరిగినట్టు, జారిన చోటే గాడి గోడ పల్లం పడుతుంది. పల్లంలో రోలరు ఇరుక్కుంటూ జారితే చక్రం ఒక్క చుట్టుకు మూడు తోపులు వస్తాయి. మామూలు కారు చక్రం 60 వేగంలో సెకనుకు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 24 తోపులు. అందుకే మీకు అది ఊగిసలాటలా కాక సీటులో, ఫ్లోరులో అదురులా తెలుస్తోంది.

పెట్రోలు బండ్లు మాత్రమే చూసిన మెకానిక్‌కు ఇది తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. గాడికి రెండు గోడలు. తొక్కినప్పుడు ఒక గోడ మీద బరువు, కాలు తీసినప్పుడు రెండో గోడ మీద. పెట్రోలు కారులో కాలు తీస్తే ఇంజను పట్టు తక్కువ, రెండో గోడకు పెద్దగా పని ఉండదు. మీ కారులో ఘాట్ దిగినంతసేపూ ఆ రెండో గోడే బరువు మోస్తుంది. ఎక్కేటప్పుడు కూడా కొంచెం అదురు ఉందన్నారు కదా, ఆ ఒక్క వాక్యం నాకు చాలా ఉపయోగపడింది. రెండు గోడలూ అరగడం మొదలైందని దానర్థం.

ఇక బఫర్లు. ఉత్తరం చివర్లో మాటవరసకు రాశారు కానీ, అసలు విషయం అక్కడే ఉందని నా నమ్మకం. బఫరు పెడితే ముందు భాగం పైకి లేస్తుంది. మోటారు పైకి పోతుంది, చక్రం నేల మీదే ఉంటుంది, మధ్యలో షాఫ్టు ఏటవాలు పెరుగుతుంది. ఏటవాలు పెరిగితే రోలరు ప్రతి చుట్టుకూ ఎక్కువ దూరం జారాలి. కొత్త జాయింటుకైనా అది కష్టమే. మా వైపు పల్లె దారుల్లో బండి కింద తగులుతోందని చాలామంది ఇవి పెట్టిస్తున్నారు. కొన్నప్పుడు ఉన్న ఎత్తుకే షాఫ్టు కోణం లెక్క వేసి ఉంటారు. దయచేసి ముందు వాటిని తీసేయించి ఒకసారి ఘాట్‌లో నడపండి. వణుకు సగానికి తగ్గితే కారణం దొరికినట్టే. తగ్గింది కదా అని వదిలేయకండి, అరిగిన గాడి తిరిగి నిండదు.

షెడ్డులో ఏం చూడమనాలంటే: బండిని లిఫ్ట్ మీదికి ఎత్తి లోపలి జాయింట్ల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) రెండూ చూడాలి. బూటు చిరిగితే గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటుంది. మన దుమ్ము ఆ గ్రీజులో కలిస్తే అది సానపొడి. షాఫ్టును చేత్తో తిప్పి, లోపలికీ బయటికీ ఆడించి ప్లే, అంటే వదులు, చూడాలి. అనుమానం ఉంటే జాయింటు విప్పి గాడి గోడ మీద గోరు నడిపితే పల్లం తెలిసిపోతుంది. మౌంటింగ్ కోసం బానెట్ తెరిచి, దాని రబ్బరు చిరిగిందేమో, వదులైందేమో చూడాలి. ఇవన్నీ బాగుంటే అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి మోటారు పొజిషన్ సెన్సర్, ఇన్వర్టర్ కోడ్లు చూడమనండి.

రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. జాకీ కంపెనీ గుర్తు పెట్టిన చోటే పెట్టాలి, కింద బ్యాటరీ ఉంది. ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి శిక్షణ లేనివాళ్లు పోకూడదు.

రిపేరు అయ్యేదాకా ఒకటో లెవెల్‌లో నడపండి. ఘాట్‌లో వేగం ముందే తగ్గించుకుని, బ్రేకును ఆనించి ఉంచకుండా నొక్కుతూ వదులుతూ దిగండి. టక్ టక్ అని కొట్టడం మొదలైతే మాత్రం బండి పక్కన ఆపి, టో చేయించండి. షాఫ్టు ఊడితే పార్క్ గేరు కూడా పట్టదు, అది చక్రాన్ని పట్టుకునేది ఆ షాఫ్టు గుండానే. అందుకే ఏటవాలు చోట హ్యాండ్ బ్రేకు తప్పనిసరి.

ప్రశ్న: అన్నా, మాది గువ్వలచెరువులో పాలకోవా అంగడి. రాత్రి ఇంట్లో 100 శాతం చార్జింగ్ పెట్టి పొద్దున్నే కడపకు సరుకు తీసుకుని దిగుతాను. ఘాట్ మొదట్లో కాలు తీస్తే కారు ఆగడమే లేదు, మధ్యాహ్నం వచ్చేటప్పుడు బాగానే పట్టుతుంది. రీజెన్ పోయిందా?

జవాబు: పోలేదు తమ్ముడూ. నిండిన బ్యాటరీలో కరెంటు పెట్టడానికి చోటు లేదు, అందుకే కారే రీజెన్ తగ్గించేస్తుంది. మీ ఇల్లు ఘాట్ పైన ఉంది, మొదటి కిలోమీటరు నుంచే దిగుడు. మీలాంటివాళ్లు చార్జింగ్ 80 దగ్గర ఆపేలా సెట్ చేసుకోవాలి. కడప దాకా అది కావలసినంత. కోవా డబ్బాల బరువుతో డిస్కుల మీదే ఆధారపడి ఆ మలుపులు దిగడం మాత్రం మానేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు వారానికోసారే తీస్తాను. వాన పడిన తర్వాత మొదటిసారి బ్రేకు వేస్తే గరగరమని వణుకుతుంది, నాలుగైదు బ్రేకుల తర్వాత పోతుంది. డిస్కు మార్చాలా? – ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. డిస్కు మీద పట్టిన తుప్పు అది. రీజెన్ వల్ల మీ ప్యాడ్లకు పని తక్కువ, తుప్పు రాలే అవకాశం రాదు. బండి తీసిన రోజు ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. తర్వాత కూడా గరగర తగ్గకపోతే ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు విప్పించి శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి, బిగుసుకుపోయి ఉంటాయి.